ఏలికల లెక్కలు - తల్లుల కడుపులు

శివరాత్రి సమీపించినదనగానే వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా నల్లమల దాటి శ్రీశైలమునకు నడచు జనసందోహమును చూడనివారు ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో అరుదు. ఆ దినములలోనే, మనకు నైరుతిగా సముద్రముమీద రెండువేల మైళ్లకు పైబడిన దూరమున, మారిషస్ అను చిన్న ద్వీపమున, వేలాది జనులు తెల్లని బట్టలు ధరించి, కావళ్లు భుజమున మోయుచు, గంగా తలావ్ అను కొండసరస్సునకు కాలినడకను పోవుచుందురు. అట్లు నడచువారిలో మన తెలుగు పూర్వుల సంతతియు కలదు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990 లో అచ్చటనే జరిగినవి.

అయినను నేడు మేమా ద్వీపము పేరెత్తుట చుట్టరికము కలుపుకొనుటకు గాదు. జనసంఖ్యను గూర్చి మన రాష్ట్రమున రేగిన వాదమునకు సమాధానము ఆ ద్వీపపు చరిత్రలో వ్రాయబడి యున్నది. దానిని చదువు తీరిక మన ఏలికలకు చిక్కినట్లు లేదు.

వాదమేమో పాఠకు లెరుగనిది కాదు. 1994 నాటి మన పంచాయతిరాజ్ చట్టము ఇద్దరికంటె ఎక్కువమంది బిడ్డలను గన్నవారు గ్రామపంచాయతి మెంబరుగా నిలువ నర్హులు కారని శాసించినది. ముప్పదియేండ్లు ఆ శాసనము చెల్లినది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు, రాష్ట్రమున యువజనము తరిగిపోవుచున్నది గనుక దంపతులు ఎక్కువమంది బిడ్డలను గనవలెనని పిలుపునిచ్చిరి. ఇద్దరికంటె ఎక్కువమంది యున్నవారికే స్థానిక సంస్థలలో పోటీచేయు అర్హత నిచ్చు చట్టమును గూర్చి ఆలోచించుచున్నామనియు అప్పుడే సెలవిచ్చిరి. మరుసటి నెలలోనే శాసనసభ పాత నిషేధమును రద్దుచేసినది. 2025 మార్చిలో విజయనగరము పార్లమెంటు సభ్యులు మరియొక మెట్టెక్కి, మూడవ బిడ్డను గన్న తల్లికి, ఆడపిల్ల యైనచో ఏబదివేల రూపాయలును, మగపిల్లవాడైనచో ఆవును తమ జీతములోనుండి బహూకరింతుమని ప్రకటించిరి. ఆవు విలువయెంత, ఏబదివేలు విలువయెంత యను తర్కము అంగడివీథులలో కొన్నాళ్లు సాగినది. తల్లి విలువను గూర్చి అడిగినవారు లేరు.

నిన్న మూడవ బిడ్డ నేరము. నేడు మూడవ బిడ్డ దేశసేవ. ఈ రెండు తీర్పులు చెప్పినవారు ఒక తరమువారే. రెండు తీర్పులకును తలయొగ్గవలసినది మాత్రము ఒక్క స్త్రీయే. పాత చట్టమే తప్పు, రద్దుచేయుట ఒప్పు, అందు మాకు సందేహము లేదు. ఆ చట్టము అమలునందుండిన అయిదు రాష్ట్రములలో నిర్మలా బుచ్ పరిశోధన జరిపి, పదవికొరకు భార్యను విడిచినవారిని, బిడ్డను దత్తతకిచ్చి నాకు లేడన్నవారిని, లెక్కలు దిద్దించినవారిని గూర్చి వ్రాసియున్నారు. ఆ అయిదింట మన రాష్ట్రము నొకటి. కాని కడుపుమీద ఏలికకు పెత్తన మున్నదను మూలసూత్రము రద్దుకాలేదు. అది బోర్లపడియున్నదానిని వెలకిల త్రిప్పినారు, అంతియే.

ఇక ద్వీపపు కథ వినుడు. మారిషస్ మన నంద్యాల జిల్లాలో ఇంచుమించు అయిదవవంతు వైశాల్యము గలది. 2011 జనగణనలో నేటి నంద్యాల జిల్లా మేర జనము సుమారు 17 లక్షల 80 వేలు. ఆ దేశపు జనము పన్నెండున్నర లక్షల లోపు. అంతటి చిన్నదేశమును చూచి నేర్చుకొనుట యేమని తేలికచేయరాదు. చిన్నది గనుకనే అందలి కార్యకారణములు కంటికి ఆనును. పైగా అచ్చట ఆదిమనివాసులు లేరు. డచ్చివారు 1638 లో కాపురముపెట్టి, డోడో పక్షిని తుదముట్టించుటకు తోడ్పడి, 1710 లో విడిచిపోయిరి. పిమ్మట ఫ్రెంచివారు వచ్చిరి. 1810 లో ఇంగ్లీషువారు ఆక్రమించిరి. అచ్చటి ప్రతి కుటుంబమునకును ఓడ దిగిన పూర్వు డొకడుండును. ఆఫ్రికానుండి, మడగాస్కరునుండి సంకెళ్లతో తేబడినవారు కొందరు. 1835 లో దాస్యము రద్దగుటకు కొంచెము ముందునుండియే, చెరకుతోటల పనికై ఒప్పందపు కూలీలుగా తేబడిన భారతీయులు మరికొందరు. 1834 మొదలుకొని ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లవరకు ఆ రేవున దిగిన మనవారి సంఖ్య సుమారు నాలుగున్నర లక్షలు. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లను 2006 లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. తెలుగువారికి ఆ దీవిలో కోరంగులను పేరు వచ్చినది. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1839 నాటి తుపానులో సర్వనాశనమైనను, దాని పేరు సముద్రము దాటి మనుష్యులకు అంటుకొని నిలిచినది.

దొరల లెక్క అప్పు డెట్లుండెనో గమనింపుడు. తోటలకు కావలసినది చేతులు. స్త్రీలు వచ్చినచో పిల్లలు పుట్టుదురు, పిల్లలు కూలికి రారు, వారికి గంజి పోయవలసివచ్చునని తోటల యజమానులకు చింత. ఓడలలో పురుషులే వచ్చుచుండగా కాపురములు లేని జనము అల్లరిపాలగుచున్నదని తెలిసిన పిమ్మట సర్కారువారు నూరుగురు పురుషులకు ఇంతమంది స్త్రీలుండవలెనని నియమము చేసిరి. బియ్యపు బస్తాలకు తోడుగా ఇన్ని ఉప్పు మూటలన్నట్లు! స్త్రీని నూటికింత యని తూచు తక్కెడ ఆనాడే తయారైనది. నేటివరకు అది తుప్పుపట్టలేదు.

ఇట్లు ఓడలు నింపినను జనము నిలువలేదు. 1860 దశకమున ప్రవేశించిన మలేరియా 1867 లో పదులవేలమందిని బలిగొన్నది. 1861 లో 3 లక్షల 10 వేలుగా నుండిన జనము 1944 నాటికి 4 లక్షల 19 వేలు మాత్రమే. ఎనుబది యేండ్లకు పైబడిన కాలములో పెరిగినది ఒక్క లక్ష! ఆ కాలమున తల్లులు కనలేదా? కన్నారు, కన్నవారిని పూడ్చుకొన్నారు. జనాభివృద్ధి యనునది ఎంతమంది పుట్టిరను దానిమీద గాక, ఎంతమంది మిగిలిరను దానిమీద నుండునని చెప్పుటకు ఇంతకుమించిన సాక్ష్యము వలదు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1949 మొదలు రెండుమూడేండ్లలో డి.డి.టి. చల్లి దోమలను రూపుమాపిరి. మరణములు దశాబ్దములోపల సగమునకు దిగినవి. తల్లులు మునుపటివలెనే కనుచుండిరి. పిల్లలు మాత్రము చచ్చుట మానిరి. 1952 లో 5 లక్షలు. 1962 లో 6 లక్షల 80 వేలు. ఏటేట నూటికి మూడుచొప్పున పెరుగుదల. అంతట భయము పుట్టినది. లండనునుండి రిచర్డ్ టిట్మస్ అను సాంఘిక శాస్త్రజ్ఞుడును, కేంబ్రిడ్జినుండి జేమ్స్ మీడ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడును రప్పింపబడిరి. ఇరువురి నివేదికలును 1961 లో వెలువడినవి. చెరకు తప్ప వేరు పంటలేని, చోటులేని, గనులులేని ద్వీపమున ఈ వేగముతో పెరుగు జనమునకు నిరుద్యోగమును కలహములును తప్పవని మీడ్ పండితుని నిరాశ. ఆ మీడ్ పండితునికే 1977 లో నోబెల్ బహుమానము లభించినది. లోకము మెచ్చిన ఆ మేధావి జోస్యము ఆయన బ్రతికియుండగనే తప్పినది.

ఎట్లు తప్పినది? అందే మనకు పాఠమున్నది. 1962 ప్రాంతమున ఒక స్త్రీ తన జీవితకాలమున కను బిడ్డల సగటు ఆరింటికి దరిదాపు. 1972 నాటికది మూడున్నరకు లోబడినది. పదియేండ్లలో ఇంతటి మార్పు! దీనికై అచ్చట ఏ మాతను ఆపరేషను బల్లమీదికి ఈడ్వలేదు. మూడవ బిడ్డ పుట్టినదని ఎవరి పదవియు ఊడలేదు. 1957 లో కుటుంబ నియంత్రణ సంఘ మొకటి వెలసినది. కాథలిక్కు మతపెద్దలు దానిని ఒప్పుకొనలేదు. వారి మతమువారికై, ఋతుకాల నియమముచేతనే సంతానమును మితపరచు విధానము బోధించుటకు 1963 లో వేరొక సంస్థ యేర్పడినది. సర్కారువారు రెండింటికిని సాయముచేసిరి. ఎవరి మనస్సాక్షికి తగిన ద్వారము వారికి తెరచియుంచిరి. స్త్రీలు లోపలికి నడచిపోయిరి.

ఏల నడచిపోయిరి? మొదటిది, కన్నబిడ్డ బ్రతుకునను నమ్మకము కుదిరినది. ముగ్గురు మిగులుటకు ఏడుగురిని కనవలసిన అగత్యము తొలగినది. రెండవది, ఆడపిల్లల పెండ్లియీడు పెరిగినది. అటుపిమ్మట 1970 లో ఎగుమతి పరిశ్రమల చట్టము వచ్చినది. బట్టలు కుట్టు ఫ్యాక్టరీలు లేచినవి. వానిలో ఎక్కువగా చేరినవారు యువతులు. 1977 నుండి హైస్కూలు చదువు అందరకు ఉచితమైనది. ఫ్యాక్టరీల వలననే సంతానము తగ్గినదని కొందరు బోధింతురుగాని, ఆ చట్టమునకు ముందే తగ్గుదల ఆరంభమైనదని సాలువారీ లెక్కలు చూచిన వారికి తెలియును. జీతము చేతికి వచ్చుట ఆ దారిని గట్టిపరచినది. దారి తీసినది మాత్రము బ్రతికిన బిడ్డయు, ఆలస్యమైన పెండ్లియు. 1980 దశకమున సగటు రెండింటికి దిగినది. నేడది 1.4 దరిదాపున నున్నది.

ఇప్పు డా ద్వీపమునకు భయము తారుమారైనది. 2011 లో 12 లక్షల 37 వేలుగా నుండిన జనము 2022 లెక్కలలోను ఇంచుమించు అంతే, అవతల తగ్గుముఖము. ముసలివారు పెరుగుచున్నారు. 1958 నుండి వృద్ధులందరకు భేదములేక ఇచ్చు పింఛనును ఆ దేశము తన గౌరవచిహ్నముగా చెప్పుకొనుచుండెను. ఆ వయస్సును అరువది నుండి అరువదియైదునకు క్రమముగా పెంచుదుమని 2025 జూన్ బడ్జెటులో ప్రకటింపగా జనము వీథులకెక్కినది. ఫ్యాక్టరీలలో పనికి బంగ్లాదేశము, నేపాలు, మడగాస్కరు, భారతదేశముల నుండి కూలీలను తెచ్చుకొనుచున్నారు. నాడు ఓడలలో, నేడు విమానములలో, అంతియే భేదము. అరువదియేండ్ల లోపల "అయ్యో, ఎక్కువ" యను కేక "అయ్యో, తక్కువ" యను కేకగా మారినది. తగ్గించుటకు ఏ శిక్షయు అక్కరలేకపోయినది. హెచ్చించుటకో, తూర్పుననున్న సంపన్నదేశములు సయితము బహుమానములు కుమ్మరించి చూచి, మునుపటి సంఖ్యను మరల తేలేకపోయినవి. కొరియావారి ధనరాసులు చేయలేని పని మన పార్లమెంటు సభ్యులవారి ఆవు చేయునా?

మన రాష్ట్రపు ముఖమును ఈ అద్దములో చూచుకొందము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి బిడ్డల సగటు 1.7. ద్వీపమువారు చేరిన తీరమునకే మనమును ఇంచుమించు చేరితిమి. కాని వచ్చిన దారి వేరు. అదే పరిశీలన ప్రకారము మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు డెబ్బదిమంది ఆపరేషను చేయించుకొన్నవారే. దేశము మొత్తముమీద ఇంత హెచ్చు మరెచ్చటను లేదు. ఆపరేషను చేయించుకొన్న పురుషులో? నూటికి ఒక్కడును లేడు! ఇరువది, ఇరువదియొకటవ యేట పెండ్లికూతురు కావలసిన బాలిక, మనయొద్ద ఆ వయస్సునకు ఇద్దరు బిడ్డలను గని, కడుపుకోసుకొని, కూలికి బయలుదేరుచున్నది. ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల యువతులలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లాడినవారు. పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. వారి చదువు పెరిగి, జీతము పెరిగి, వారి యిష్టముమీద సంతానము తగ్గినదని చెప్పుకొను భాగ్యము మనకు సగమే దక్కినది. మిగిలిన సగము కత్తి చేసిన పని. ఇప్పుడా రక్తహీనయైన స్త్రీనే పిలిచి, "అమ్మా, తప్పు జరిగినది, ఇంకొకరిని గనుము" అనుచున్నారు. కోసినదానిని మరల కుట్టుట ఎవరితరము?

మాకు ఆక్షేపణ చెప్పువారున్నారు. "దక్షిణదేశమునకు జరుగబోవు అన్యాయము మీకు కనబడదా? జనసంఖ్యను బట్టి పార్లమెంటు స్థానములు పంచినచో, చెప్పినమాట విని సంతానము మితపరచుకొన్న రాష్ట్రములకు నష్టము, విననివారికి లాభము గదా?" అని. కనబడుచున్నది. రాష్ట్రములకు లోక్‌సభ స్థానముల పంపకము 1971 జనగణన మీద నిలిచినది. 1976 లో రాజ్యాంగ సవరణచేత దానిని బిగించిరి. 2001 లో మరల, 2026 పిమ్మటి మొదటి జనగణన వరకు పొడిగించిరి. కుటుంబ నియంత్రణ పాటించినవారికి శిక్ష పడరాదనియే ఆ బిగింపు. మారిషస్ లోను ఇట్టి వింతయే కలదు. అచ్చట ఎన్నికలలో మతవర్గములకు ప్రాతినిధ్యము సరిచూచుటకై కొన్ని స్థానములను అదనముగా పంచుదురు. ఆ పంపకమునకు ఆధారము 1972 జనగణన. వర్గములవారీ లెక్క ఆ పిమ్మట తీయుటయే మానిరి. ఎవరు ఎవరిని మించుచున్నారను తగవు ఊయలలవరకు పోకుండుటకు వారు ఎంచుకొన్న ఉపాయమది. అందును చిక్కులు లేకపోలేదు. న్యాయస్థానములవరకు పోయిన చిక్కులు. కాని ఆ పోరాటము శాసనసభలో, న్యాయస్థానములో జరుగుచున్నది. ప్రసూతిగదిలో జరుగుట లేదు.

మన హక్కు మనకు రావలెనన్న అడుగవలసినచోటు ఢిల్లీ. ఇరువదియైదుగురు సభ్యులను మనమచ్చటికి పంపియున్నాము. రాష్ట్రముల బలమును తూచుటకు తలల లెక్కయొక్కటే త్రాసు గారాదని వాదించుటకు వారికి నోరున్నది, ఓటున్నది. ఆ పని వదలి ఇంటింటి కోడలికి ఉపదేశము చేయుట ఏ రాజనీతి? పిలుపు 2024 లో. తదుపరి జనగణనకు నిర్ణయించిన దినము 2027 మార్చి 1. ఈ రెండేండ్ల యెడములో ఆంధ్రస్త్రీలు కని కని ఉత్తరప్రదేశపు లెక్కను అందుకొందురను ఆశకు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెత చాలును. భారతము చదివినవారు మరియొకటి తలచుకొనవలెను. నూరుగురిని గన్న తల్లి గాంధారి. యుద్ధాంతమున ఆమెకు మిగిలిన వారెందరు?

వృద్ధులు పెరుగుట అబద్ధము కాదు. పనిచేయు చేతులు తగ్గుటయు అబద్ధము కాదు. ఆ చింత సత్యమైనచో దానికి తగిన పనులు ఎదుటనే యున్నవి. నేడు పుట్టిన బిడ్డ పనిలోనికి వచ్చుటకు ఇరువది యేండ్లు పట్టును. నేడు పనిలేక యింట కూర్చున్న స్త్రీ రేపే రాగలదు. నంద్యాలలో డిగ్రీ ముగించిన పడుచు ఉద్యోగము విడుచుట బిడ్డలు వలదని గాదు, బిడ్డను పగలు విడుచుటకు నమ్మకమైన చోటు లేక. ఆళ్లగడ్డలో శిల్పుల యిండ్ల యాడవారు, పొలములలో నాట్లువేయువారు, ప్రసవించిన ఎన్నాళ్లకు పనికి పోవుచున్నారో వైద్యుల నడుగనక్కరలేదు, వీథిలో నిలిచినచో తెలియును. ప్రసూతి సెలవు బిడ్డల సంఖ్యతో నిమిత్తములేక ఇత్తుమని 2025 లో ప్రభుత్వము చెప్పినది, మంచిదే. కాని ఆ సెలవు సర్కారు కొలువులవారిది. నాటుకూలికి సెలవెవరిత్తురు? "నారు పోసినవాడు నీరు పోయడా" యని పెద్దలు దైవముమీద భారము వేసెడివారు. ఇప్పుడు నారు పోయుమనువాడు ప్రభుత్వమే. నీరెవరు పోయుదురో ముందు చెప్పవలెను.

అన్నిటికంటె దగ్గరి సాక్ష్యము మన కొండమీదనే యున్నది. శివరాత్రి యాత్రికునికి నల్లమలలో దారిచూపువారు చెంచులు. మల్లన్న తమ యల్లుడని చెప్పుకొను జాతి. హైమెండార్ఫ్ పండితుడు వారిలో మెలగి 1943 లో గ్రంథము వ్రాసెను. వారికొరకై ప్రత్యేకముగా శ్రీశైలమున గిరిజనాభివృద్ధి సంస్థ వెలసి అర్ధశతాబ్ది కావచ్చినది. సర్కారు పట్టికలో వారు మిక్కిలి దుర్బలమైన ఆదిమతెగ. ఉమ్మడి రాష్ట్రమున 2001 లో సుమారు 49 వేలు, 2011 లో సుమారు 64 వేలు చెంచులని జనగణన. లెక్క పెరిగినది గదా యని సంతోషింతము. కాని ఆ లెక్క మిగిలినవారి లెక్క. పుట్టి యేడాది నిండకమునుపే పోయినవారు, కాన్పులో పోయిన తల్లులు అందు కానరారు. అడవి పులుల అభయారణ్యము. రాత్రివేళ దోర్నాల దారిన వాహనములను ఆపుదురు. గూడెమున నొప్పులు పగలే రావలెనను నియమమేమియు లేదు. మారిషస్ జనము ఎనుబది యేండ్లలో లక్ష మాత్రమే పెరిగిన ఆ పాతకాలము మన కొండమీద ఇంకను గడువలేదు. మరి మన ఏలికలు ద్వీపపు నేటి భయమును మాత్రము ముందుగా అరువు తెచ్చుకొన్నారు.

రాష్ట్రమునకు మనుష్యులు కావలెనా? పుట్టినవారిని దక్కించుకొనుట అన్నిటికంటె చౌకయైన మార్గము. ఈ యడవిలో పుట్టిన బిడ్డ తల్లి చేతిలో మిగిలినచో అదియు రాష్ట్రమునకు ఒక తలయే గదా! ఆ తల లెక్కకు వచ్చుటకు ఆవు అక్కరలేదు. పగలు రాత్రి తలుపు తెరచియుండు ఆసుపత్రియు, గూడెమువరకు వచ్చు బండియు, తల్లికి రక్తము పట్టు తిండియు చాలును.

కావున మా కోరిక యొక్కటి. ప్రతి ఉగాదికి శ్రీశైలమున పంచాంగశ్రవణము జరుగును. రాష్ట్రపు ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు ఏలికలు శ్రద్ధతో వినుచుందురు. వచ్చు ఉగాదికి నంద్యాల జిల్లా అధికారులు వేరొక పట్టికను బయటపెట్టుదురుగాక. గూడెము గూడెమునకు, ఊరూరికి, గతవత్సరమున ఎందరు బిడ్డలు పుట్టిరి, వారిలో ఎందరు ఏడాది దాటిరి, కాన్పులో ఎందరు తల్లులు పోయిరి, పదునెనిమిదేండ్లు నిండకమునుపు ఎందరు బాలికలకు పెండ్లి చేసిరి - ఈ నాలుగు అంకెలు పఠనమందిరముల గోడలమీద అంటింపుడు. ఆ పట్టికలో పోయినవారి గడి సున్నకు దగ్గరైన నాడు, మూడవ బిడ్డను గూర్చి మా చెవిని బడవేయుడు; వినుటకు సిద్ధముగా నుందుము.